పొడిగా లేని పొడి

మే 19, సోమవారం

మళ్ళీ అంటుకుంది. స్విచ్ వేయగానే ఎగిరినట్టే ఎగిరి, పై పలకకి వెల్ల వేసినట్టు పట్టేసింది. కింద జల్లెడలోంచి ఒక్క గింజ రాలితే ఒట్టు. స్ప్రే గన్ పట్టుకుని ఎదురుచూస్తున్న ముర్ము కళ్ళద్దాలు పైకెత్తి, "మేడమ్, యే తో సో గయా" అన్నాడు. పడుకుందట! ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మే 20

కోపంగా ఉంది, అందుకే రాస్తున్నాను. రోలర్లకి పూత వేసే ఈ సెరామిక్ పొడి మైదా కంటే సన్నం. గరాటులో పోస్తే గూడు కట్టుకుని కూర్చుంటుంది. తడితే కదలదు, గట్టిగా కొడితే కుప్పగా పడుతుంది. పూత ఒకచోట మందం, ఒకచోట పల్చన.

అందుకే నా డబ్బా. రెండు పలకలు, మధ్యలో వేల వోల్టులు. గింజ కింది పలకని తాకి చార్జి తీసుకోవాలి, పైకి ఎగరాలి, అక్కడ వదిలేసి దిగాలి, మళ్ళీ ఎగరాలి... అలా ఆడుతూ ఆడుతూ జల్లెడలోంచి స్ప్రే గన్ గరాటులోకి సమంగా రాలాలి. వోల్టు పెంచితే ఎక్కువ, తగ్గిస్తే తక్కువ. కాగితం మీద ఎంత ముద్దొస్తుందో!

మా ఓనర్ బాగ్చీ సర్ ఇవాళ సూటిగానే చెప్పేశారు. వచ్చే నెల దీన్ని కొందామనుకుంటున్న రోలింగ్ మిల్లు పార్టీ చూడటానికి వస్తుంది. ఆలోగా నడవకపోతే కంపిస్తూ పొడిని రాల్చే ఫీడర్ యంత్రం బయటి నుంచి తెప్పిస్తారు. నా డబ్బా స్క్రాపుకి. నేను మళ్ళీ ఇన్‌స్పెక్షన్ బల్లకి. ఆ బల్ల దగ్గర ఇంకొకరు చేసినవి కొలుస్తూ ఆరేళ్ళు కూర్చున్నాను. చాలు.

మే 23

కద్మాలో ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలోనే. "ఒలే, ఆ మొకం అలగుందేటే? ఎవుడైనా ఏటన్నాడా?"

"పొడి అందమ్మా."

"పొడి అనడమేటే, మతుందా?"

టీవీ ముందు నుంచి తమ్ముడు శ్రీను — "అమ్మా, దీదీ కా పౌడర్ ఫిర్ నారాజ్ హై." నా పొడి మళ్ళీ అలిగిందట! అమ్మ తెలుగులో అడుగుతుంది, వాడు హిందీలో చెబుతాడు, ఇద్దరూ కలిసి నన్ను ఏడిపిస్తారు. ఆనపకాయ పులుసు మాత్రం అమృతం.

మే 26

దొరికింది. చెమ్మ! ఇంత సన్నటి గింజలు కాస్త చెమ్మ తగిలినా అతుక్కోవూ? ఇవాళ్టి నుంచి కొత్త చట్టం — ముందురోజే పొడిని ఓవెన్లో పెట్టాలి, గదిలో ఏసీ ఆపకూడదు.

ముర్ముకి పాఠం కూడా చెప్పాను. "మా తెలుగులో పౌడర్‌నీ పొడి అంటాం, సూఖానీ పొడి అంటాం. ఒకటే మాట. పొడి అంటేనే తడి లేనిది." నోరెళ్ళబెట్టాడు. ఇక రోజంతా అదే పాట, "పొడీ కో పొడీ కరో, పొడీ కో పొడీ కరో." పొడిని పొడి చెయ్యమని! భలే గర్వంగా అనిపించింది, ఇంజినీరింగంతా మా భాషలోనే ఉన్నట్టు.

మే 28

ఓవెన్లో ఎండిన పొడి. ఏసీ ఫుల్లు. శాలువా కప్పుకుని పని.

అంటుకుంది. మునుపటికంటే గట్టిగా.

మే 30

ఇంకా ఎండబెట్టాం. అంటుకుంది. గీకిన బ్రష్‌కీ అంటుకుంది, నా జుట్టుకీ అంటుకుంది. సాయంత్రం ఆటోలో పక్కావిడ ఎగాదిగా చూసి, "ఎక్కడమ్మా పెళ్ళి? పూరీలు వత్తి వస్తున్నావా?" అని హిందీలో అడిగింది. అవునన్నాను. ఏం చెప్పను!

జూన్ 3

బాగ్చీ సర్ ఫోన్లో కంపించే ఫీడర్ వాళ్ళతో మాట్లాడుతున్నారు. నన్ను చూసి గొంతు తగ్గించారు. తిట్టినా బాగుండేది.

జూన్ 9

రాయడానికి చెయ్యి ఆగడం లేదు.

మధ్యాహ్నం దాల్మా కొండల వైపు నుంచి మబ్బు కమ్మింది, ఒకటే వాన. కరెంటు పోయింది. తిరిగొచ్చింది గానీ ఏసీ మాత్రం చచ్చింది. కిటికీలన్నీ బార్లా తెరిచాం. ఉక్క, చెమట, మట్టి వాసన. పొద్దున ఓవెన్లోంచి తీసిన పొడి మూత లేకుండా అలాగే ఉంది. "ఆజ్ ఛోడ్ దీజియే మేడమ్" అన్నాడు ముర్ము. ఇవాళ్టికి వదిలేయాలట. మొండికేసి పోశాను. స్విచ్ వేశాను.

ఎగిరింది!

పలకల మధ్య అంతా తెల్లగా పొంగింది. అంటుకోలేదు. కింద సన్నటి ధార, తెగకుండా, సమంగా... వోల్టు పెంచితే ఎక్కువ, తగ్గిస్తే తక్కువ. అచ్చం కాగితం మీద రాసుకున్నట్టే. నేను అరిచిన అరుపుకి బాగ్చీ సర్ టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చారు, షాక్ కొట్టిందనుకుని. ముర్ము చప్పట్లు కొట్టాడు, ఒక్కడే.

జూన్ 10

ఏసీ బాగుచేశారు. అంటుకుంది. ఓరి దేవుడా.

జూన్ 11

ఖర్కాయ్ నది వంతెన మీద ఆటో ఆగిపోయింది, ముందూ వెనకా లారీలు. అక్కడ తట్టింది.

గింజ చార్జి తీసుకోవాలి, వదలాలి. ఎముకలా ఎండిపోయిన సెరామిక్ గింజ ఎలా తీసుకుంటుంది? ఒరుసుకుని ఎక్కిన కాస్త చార్జిని వదలదు, దాంతోనే పలకని కరుచుకుంటుంది. పైన కంటికి కనబడనంత చెమ్మ ఉంటే దాని మీదుగా చార్జి ఎక్కుతుంది, దిగుతుంది. మరీ ఎక్కువైతే ముద్ద. అంతే! దాన్ని ఎండబెట్టి ఎండబెట్టి చంపింది నేనే. ఒక్క మాట పట్టుకుని! పొడి కాబట్టి పొడిగా ఉండాలట!

ఆటోలోనే పకపకా నవ్వాను. డ్రైవరు అద్దంలోంచి భయంగా చూశాడు.

జూన్ 12

"తో పొడీ కో పొడీ నహీఁ కర్నా?" ముర్ము రెండుసార్లు అడిగాడు. ఎండబెట్టొద్దన్నాను. "ఆప్ కీ భాషా నే మర్వా దియా, మేడమ్!" నిజమే, మా భాషే కొంప ముంచింది.

ఏసీ కట్టేశాం. పొడి పక్కన తడి తువ్వాలు ఆరేశాం. నీళ్ళు కారుతున్న తువ్వాలైతే పొడి ముద్ద కట్టింది. గట్టిగా పిండి ఆరేస్తే, ఎగిరింది. మళ్ళీ వేశాం, ఎగిరింది. మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయాం.

జూన్ 13

ఇంట్లో చెప్పాను, పూస గుచ్చినట్టు. అమ్మ అంతా విని బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మ! అంత సదువుకున్నావు. నువ్వుల పొడి పొడిగా ఉంటాదేటే? నూనె ఓడతాది. దాన్నీ పొడే అంటాం గదేటి!"

శ్రీను కుర్చీలోంచి జారిపడ్డాడు. "దీదీ, అమ్మా కో లే జావో ఫ్యాక్టరీ!"

"నానొల్లను బాబూ. కరెంటట. నువ్వు గానీ దాంట్లో సెయ్యి ఎట్టావా..." అంటూనే ఇంకో రెండు గరిటెలు వడ్డించింది. సంతోషం వచ్చినా ఆవిడకి కోపంలాగే వస్తుంది.

జూన్ 18

వాన. ఎగురుతోంది. వాన. ఎగురుతోంది. ఇంతకంటే రాయడానికేం లేదు, హాయిగా ఉంది.

జూన్ 24

పార్టీ వచ్చింది. ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన డబ్బా ముందువైపు అద్దం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పొడి ఆడుతోంది, ధార తెగడం లేదు. ముర్ము గన్ తో రోలరంతా వేడి వేడిగా పూత వేశాడు. చల్లారాక పెద్దాయన ఈ చివర, ఆ చివర, మధ్యలో కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. అంతటా ఒకటే మందం. బాగ్చీ సర్ కాలు ఒకచోట నిలవడం లేదు.

"బహుత్ బఢియా" అన్నాడు పెద్దాయన. ఎగిరి గంతేద్దామనుకున్నాను. ఆగి అడిగాడు — "బారిష్ మే చల్తా హై. జనవరీ మే?"

వానలో సరే, జనవరిలో నడుస్తుందా అని. జనవరి. పెదవులు పగిలే చలి, స్వెట్టర్ విప్పితే చిటపటలు, గాలిలో చెమ్మే ఉండదు. వాళ్ళది మా గదిలాంటిది కాదు, నాలుగు వైపులా గాలి కొట్టే పెద్ద షెడ్డు. అక్కడ ఏ తువ్వాలు ఆరేస్తాను?

అందరూ నావైపే చూస్తున్నారు. "చలేగా" అంది నా నోరు, నడుస్తుందని, నన్ను అడక్కుండానే.

అయితే చలికాలమంతా తమ షెడ్డులో నడిపి చూపించమన్నారు. కొనేదీ మానేదీ తర్వాతట. బయటి ఫీడర్ మాటని బాగ్చీ సర్ అప్పటిదాకా పక్కన పెట్టారు.

జూన్ 25

ఉదయాన్నే బాగ్చీ సర్ గదిలోకి పిలిచారు. మంచి మనిషి, నా మంచికే అన్నారు — ఇన్‌స్పెక్షన్ లో నా సీటు జనవరి దాకా ఖాళీగా ఉంచనా, ఏమో, అవసరం పడొచ్చు...

"ఆ బల్లకి కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇచ్చేయండి సర్" అన్నాను.

బయటికొచ్చి నా డబ్బా ముందు కూర్చున్నాను. షెడ్డు గాలికి ఏం చేయాలో ఇంకా తెలియదు. డబ్బా చుట్టూ మూత కట్టాలా, లోపలికి చెమ్మ గాలి ఊదాలా... ముర్ము టీ తెచ్చి ఇచ్చి, "క్యా హువా మేడమ్?" అన్నాడు. ఏమీ లేదన్నాను. నవ్వు ఆగడం లేదు.