చైనా అంటే వంటగది కాదు అంకుల్

ప్లెయిన్స్‌బరో, మార్చి 2

చిరంజీవి ప్రిస్సిల్లాకి శుభాశీస్సులు.

వాట్సాప్‌లో పెడితే గ్రూపంతా చదువుతారని ఉత్తరం రాస్తున్నానమ్మా. నువ్వు సార్వభౌమాధికారం మీద పీహెచ్‌డీ చేస్తున్నావని మీ అమ్మ షారన్ చెప్పింది. దేవుని సార్వభౌమాధికారం గురించి మన తెలుగు చర్చిలో విని చాలా రోజులైంది. పదహారో తారీఖు ఆరాధన తర్వాత నువ్వే చెప్పాలి.

ఇట్లు,
సంఘ కార్యదర్శి దైవాశీర్వాదం

తా.క. చైనావాళ్ల మధ్య కూడా సేవ చేస్తున్నావట. సంతోషం.

ఫిలడెల్ఫియా, మార్చి 6

అంకుల్‌కి వందనాలు.

తప్పకుండా వస్తాను. ఏప్రిల్‌లో నా డిఫెన్స్, అంటే ప్రొఫెసర్ల ముందు నా థీసిస్‌ని సమర్థించుకునే పరీక్ష. మామూలు మనుషులకి అర్థమయ్యేలా చెప్పలేకపోతే పాస్ కావడం కష్టమని ప్రొఫెసర్ అన్నారు. విషయం సింపుల్. ఒక వర్గం ‘మా ఇంట్లో మాదే మాట, బయటివాళ్లు వేలు పెట్టొద్దు’ అంటుంది. ఇంకో వర్గం ‘ఆకాశం కింద ఉన్నదంతా ఒకే కుటుంబం, బయట అనేదే లేదు’ అంటుంది. కొందరు రెండూ ఒకేసారి అంటారు!

ఉంటాను,
ప్రిస్సిల్లా

తా.క. మొదటి స్లైడ్‌లో డ్రాగన్ ఉంది. పర్వాలేదా?

ప్లెయిన్స్‌బరో, మార్చి 10

అమ్మా ప్రిస్సిల్లా,

డ్రాగన్ పెట్టు. బైబిల్లోని ఘటసర్పం అనుకుని మనవాళ్లకి కాస్త భయం ఉంటుంది. కానీ మా గొడవ నీదాకా ఎవరు మోశారు? చర్చి వంటగదికి మీ లూసీ ఆంటీ తాళం వేసి ‘నా కిచెన్‌లో నాదే మాట’ అంటున్నది నిజమే. కోయిర్ సత్యం ‘దేవుని ఇల్లంతా ఒకటే, ఫ్రిజ్ కూడా’ అంటున్నదీ నిజమే. మూడు వారాలుగా భోజనాల్లేవు, సంఘం చీలేలా ఉంది. దయచేసి పేర్లు మాత్రం చెప్పకు.

దిగులుతో,
దైవాశీర్వాదం

తా.క. రెండూ ఒకేసారి అనేది నేనే. ఇంట్లో మీ ఆంటీతో ఒకటి, కమిటీలో ఒకటి. అది అసలు చెప్పకు.

ఫిలడెల్ఫియా, మార్చి 13

అంకుల్!

నేను చెప్పేది దేవుడి గురించీ కాదు, వంటగది గురించీ కాదు. దేశాల అధికారం గురించి ఈనాటి చైనా ఆలోచనాపరులు ఏమంటున్నారో, అది! ఆదివారం మొదటి మాటే ‘చైనా’ అంటాను.

కంగారుగా,
ప్రిస్సిల్లా

తా.క. మొత్తం ముప్పైసార్లు అంటాను.

ప్లెయిన్స్‌బరో, మార్చి 18

చిరంజీవి ప్రిస్సిల్లాకి,

ముప్పై కాదు, నలభై రెండుసార్లు అన్నావు. ‘పేర్లు ఎత్తకుండా ఎంత మర్యాదగా చెప్పిందో!’ అని అందరూ మెచ్చుకున్నారు. ‘బీజింగ్’ అన్నప్పుడల్లా జనం మీ ఆంటీ వైపే చూశారు. నువ్వు ట్రెయిన్‌కి వెళ్లాక సత్యం కళ్లు తుడుచుకుని, “సారీ లూసీ అక్కా, ఇంకెప్పుడూ అడక్కుండా ఫ్రిజ్ ఓపెన్ చెయ్యను” అన్నాడు. ఆవిడ అక్కడికక్కడే తాళం తీసింది. అందరం కలిసి పులిహోర తిన్నాం.

సంతోషంతో,
అంకుల్

తా.క. కింద మీ ఆంటీ ఏదో రాస్తుందట. నన్ను చదవొద్దంది.

ప్రిస్సిల్లా, నువ్వు చైనా గురించే చెప్పావని నాకు తెలుసు. నీ ఉత్తరం చూసి ముందే లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు తెచ్చి చదివాను. అందరూ ఒకే కుటుంబమన్నారు, సరే. ఆ కుటుంబంలో చివరి మాట ఎవరిది? నచ్చనివాడు ఎక్కడికి పోవాలి, బయట అనేదే లేదన్నాక? డిఫెన్స్‌లో నిన్ను ఇదే అడుగుతారు. జవాబు రాసుకుని వచ్చే ఆదివారం రా, నా మీద ప్రాక్టీస్ చేద్దువు. ఇక నాకు బోలెడంత తీరిక. కిచెన్ అధికారమంతా సత్యానికే ఇచ్చేశాను, అంట్లతో సహా.