వాల్వు ముందా, పంపు ముందా

మావయ్యకి,

నమస్కారాలు. అమ్మ వదిలివెళ్లిన తెరచాప పడవకి ఒంట్లో బాగాలేదు. దీపాల బ్యాటరీ కోసం ఇంజన్ వేసినప్పుడల్లా, దాన్ని చల్లబరిచే నీళ్లు కారి అడుగున మడుగు కడుతున్నాయి. ఒకటో తారీఖున రేవు ఆఫీసరు వచ్చి గంటసేపు నడిపి చూస్తాడట. చుక్క కారినా పడవని ఇక్కడ ఉండనివ్వడట. నాకున్న ఇల్లు ఇదొక్కటే. ఇక్కడి మెకానిక్కు ఇంజన్ వయసు అడిగి, టీ తాగి వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లు డీజిల్ ఇంజన్లు విప్పిన మీరు చెప్పండి, నేను చేస్తాను.

మీ మేనకోడలు

తా.క. స్పానరు పట్టుకోవడం వచ్చు. ఎటు తిప్పాలో రాయండి.

*

మొండిపిల్లకి,

ఆశీస్సులు. ఇంజన్ పొడిగా తుడిచి, గొట్టాల ప్రతి అతుకు కిందా పాత పేపరు ముక్క పరిచి నడుపు. ఏది ముందు తడిస్తే దొంగ అక్కడే. నా అనుమానం నీళ్ల పంపు మీద. ఇంజన్ ఆపి, పంపు ఊడదీసి, ఎలా ఉందో రాయి. ఎడమకి తిప్పితే వదులవుతుంది.

మావయ్య

తా.క. పంపు విప్పే ముందు, సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే వాల్వు కట్టెయ్యాలి. ఇది పైన రాయాల్సింది.

*

మావయ్యకి,

తడి నమస్కారాలు. మీ తా.క. మోకాలి లోతు నీళ్లలో నిలబడి చదివాను. వాల్వు కట్టి, మధ్యాహ్నం దాకా బకెట్టుతో తోడాను. పక్క పడవాయన "మునుగుతున్నారా?" అని మర్యాదగా అడిగాడు. "లేదండీ, బాగుచేసుకుంటున్నాను" అన్నాను. పంపు బల్ల మీదుంది. ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీలు పొడిపొడిగా రాలిపోతోంది. కొత్తది తెచ్చాను. తర్వాత?

మీ మేనకోడలు

తా.క. ఇకమీదట మీ ఉత్తరాలు కిందనుంచి పైకి చదువుతాను.

*

మొండిపిల్లకి,

వాల్వు పూర్తిగా తెరిచి ఇంజన్ వెయ్యి.

గొట్టాలు తగిలించి క్లిప్పులు బిగించు.

పంపు దాని చోట పెట్టి బోల్టులు సమానంగా బిగించు.

కొత్త సీలుకి గ్రీజు రాసి లోపలికి నొక్కు.

మావయ్య

తా.క. నువ్వు కిందనుంచి చదువుతానన్నావని ఉత్తరం తిరగేసి రాశాను. ఈసారి నా మీద మాట రాకూడదు.

*

మావయ్యకి,

మళ్లీ తడి నమస్కారాలు. పెద్దవాళ్లతో అనాల్సిన మాట కాదనిపించి, ఈసారి బుద్ధిగా పైనుంచే మొదలుపెట్టాను. వాల్వు తెరిచాను. ఇంజన్ వేసేదాకా రాలేదు లెండి.

నీళ్లు తోడేశాక మీ ఉత్తరం పక్కన పెట్టి, ఏది ముందో నా బుర్రతోనే ఆలోచించుకున్నాను. మూడుసార్లు కారింది, మూడుసార్లూ విప్పాను. నాలుగోసారి ఒక్క పేపరు తడవలేదు. నిన్న ఆఫీసరు ఇంజన్ పక్కన గంటసేపు గొంతుక్కూచుని, "ఎన్నాళ్లయినా ఉండండి" అని సంతకం పెట్టి వెళ్లాడు. ఏడుపొచ్చేసింది మావయ్యా.

కానీ ఆయన వెళ్లాక ఇంజన్ ఆపబుద్ధి కాలేదు. ఇంత కష్టపడి నిలబెట్టుకున్న చోటు నుంచి, ఆరేళ్లుగా ఒక్కసారీ పడవ కట్టు విప్పలేదని అప్పుడు తోచింది. రేపు పొద్దున్నే విప్పుతున్నాను. ఒడ్డు వెంబడి వస్తే మీ రేవు మూడు రోజులట. పక్క పడవాయన ముందు వెళ్తూ దారి చూపిస్తానన్నాడు.

మీ మేనకోడలు

తా.క. పడవ ఆపడం ఇంకా రాదు. రేవులో నిలబడి కేకేసి చెప్పండి. రాయకండి.