నాకు ఏ సాలు?

హైదరాబాదు,
ఫిబ్రవరి 3

ప్రియమైన అమ్మకి,

ఉత్తరమేంటా అని కంగారుపడకు, నేను బాగానే ఉన్నా. మా సీరియల్ మీదే పిడుగు పడింది! నువ్వూ నీ మిరపకోత ముఠా రోజూ చూసే ‘ధ్రువనౌక’లో కెప్టెన్ రుద్ర వెళ్లిపోతున్నాడు. సినిమా దొరికిందట, ఇంకొక్క రోజే షూటింగుకి వస్తాడు. సంగతి బయటికి పొక్కకూడదని రచయితలందరి ఫోన్లూ లాక్కుని గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెట్టారు. నువ్వూ ఎవరికీ చెప్పకు.

అంతరిక్షంలో ప్రమాదం, ప్లాస్టిక్ సర్జరీ, కొత్త మొహం అని ఒకాయన. కవల తమ్ముడని ఇంకొకాయన. ఒళ్లు మండి, “నౌకలో ఇంజన్ గది చూసే మీనాక్షినే కెప్టెన్ని చేద్దాం సార్” అనేశాను. “జనం ఒప్పుకునేలా సీను రాయి, పదో తారీకు దాకా టైము. లేదంటే సీరియల్ ఆపేస్తాం” అన్నారు డైరెక్టర్ గారు. అమ్మా, నేను రాసే మొదటి సీను! రాఘవమ్మ పెద్దమ్మ తర్వాత నువ్వు మేస్త్రీ అయినప్పుడు ముఠా నిన్నెలా ఒప్పుకుంది? వెంటనే రాయి.

మోకాలు జాగ్రత్త.

నీ షమా

మార్టూరు,
ఫిబ్రవరి 7

ప్రియమైన షమాకి,

వామ్మో, రుద్ర పోతున్నాడా! నేనెవరికీ చెప్పలేదు, ఆటోలో ఉన్న పద్నాలుగు మందికి తప్ప. వాళ్లలో కోటేశ్వరైతే అన్నం మానేసింది.

కవల తమ్ముడేంటే, వాళ్ల మొహం మండా! మా సంగతి విను. మేస్త్రీ మారిందని ఎవరో చెబితే ముఠా వినదు. ఆ రోజు పొద్దున్నే చేలో అందరి ముందూ రాఘవమ్మక్క తలగుడ్డ బిగించుకుని నా దగ్గరికొచ్చి, “నాకు ఏ సాలు ఇస్తావే మేస్త్రీ?” అంది. ఎవరు ఏ సాలు కొయ్యాలో పంచేది మేస్త్రీయే కదా, అంతే, ముఠా అంతా నన్ను ఒప్పేసుకుంది. ఆ మాట రుద్ర చేత అనిపించు. దానికి ఒక్క రోజు చాలదూ?

మోకాలికేం, దిట్టంగా ఉంది. నువ్వూ కోటేశ్వరిలాగే నన్ను ఇంట్లో కూర్చోమంటావా? నేనుండగా ఈ ముఠాకి ఇంకో మేస్త్రీ ఏంటి!

మీ అమ్మ నసీమున్నీసా

హైదరాబాదు,
ఫిబ్రవరి 16

అమ్మా అమ్మా అమ్మా!

అయిపోయింది! రుద్ర మామూలు యూనిఫాంలో వచ్చి మీనాక్షి ముందు నిలబడి, “నాకు ఏ సీటు ఇస్తారు, కెప్టెన్?” అన్నాడు. లైట్లు చూసే ఏసోబు గారు కళ్లు తుడుచుకున్నారు. సీరియల్ ఆపరట, ముందు సీన్లు కూడా నన్నే రాయమన్నారు! సోమవారం వస్తుంది, చూడు. ఆ మాట నాది కాదు కదా, అందుకే చివర్లో రాఘవమ్మ పెద్దమ్మ పేరు వేయించాను.

గాల్లో తేలుతున్న నీ షమా

మార్టూరు,
ఫిబ్రవరి 25

ప్రియమైన నా బంగారానికి,

సోమవారం ముఠా అంతా మనింట్లోనే. రుద్ర ఆ మాట అనగానే కోటేశ్వరి ఈల వేసింది! ఆ తర్వాత రాఘవమ్మక్క పేరు పడింది.

నీకు అబద్ధం రాశానే. ఆమె అలా అడగలేదు. రైతు నన్ను మేస్త్రీగా ఉండమన్న రోజున తట్ట అక్కడే విసిరేసి వెళ్లిపోయింది. చనిపోయేదాకా నాతో మాట్లాడలేదు. నువ్వప్పుడు మూడేళ్ల పిల్లవి. ఒక్కసారి ఆమె అలా అడిగుంటే ఎంత బాగుండేదో అని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నా. నువ్వు అడిగేసరికి అదే రాసేశాను.

మోకాలి సంగతీ అబద్ధమే. రెండేళ్లుగా సాలు చివరిదాకా వంగలేకపోతున్నా. నిన్న పొద్దున చేలో తలగుడ్డ బిగించుకుని కోటేశ్వరి ముందు నిలబడ్డాను. రుద్రకే లేని నామోషీ నాకేంటని అనేశాను, “నాకు ఏ సాలు ఇస్తావే మేస్త్రీ?”

అది భోరుమంది. ఏడుస్తూనే గట్టు పక్క పొట్టి సాలు నాకిచ్చింది. చూడు దాని తెలివి! మధ్యాహ్నానికల్లా, “అక్కా, తొడిమలు ఊడుతున్నాయి, చూసుకుని కొయ్యి!” అని అరిచింది. నన్ను! ఎంత కోపమొచ్చిందో అంత సంతోషమేసింది.

మేస్త్రీ కాని మీ అమ్మ