మీగడ రంగు టాప్

మార్చి 3, సోమవారం

పాత బొమ్మకార్ల షాపులో చేరాను. నాకిది ఐదో ఉద్యోగం. నెల తిరక్కుండా మళ్లీ ఇంట్లో కూర్చుంటావు, నీకోసం కొత్త టిఫిన్ బాక్స్ కొనేది లేదు అంది అమ్మ. తొమ్మిదో క్లాసులో బడి మానేసినవాడి చేతికి భూతద్దం ఇచ్చారు. నవ్వొచ్చింది.

ఓనరుని అందరూ రివెట్ బాబాయ్ అంటారు. ఏ కారు చేతికిచ్చినా ముందు తిరగేసి, అడుగుని బాడీకి బిగించే రివెట్ చూస్తాడు. ఎవరైనా విప్పి మళ్లీ బిగిస్తే అక్కడే దొరికిపోతారట. ఒకే కారుని ఫ్యాక్టరీ పదేళ్లు అచ్చు పోసేదట. మధ్యలో అడుగున బిగించే నల్ల బేస్‌లు అయిపోతే బూడిద రంగువి వేసేవాళ్లు. పాత చక్రాలు అయిపోతే కొత్తవి. ఆ తేడాలు, అంటే వేరియేషన్లు, పట్టుకోవడమే మన పని అన్నాడు. బాడీ రంగు, చక్రం, బేస్, పైకప్పు టాప్. నాలుగూ చూసి రాయి, ఐదోది ఊహించి రాయకు అన్నాడు.

మార్చి 4

ఒక పెద్దాయన పోయాడు. ఆయన కూతురు అట్టపెట్టెలు పంపింది. నేను చూసి లిస్టు రాస్తే అమ్మకానికి పెడతారు.

తెరిచాను. అన్నీ ఒకటే బండి. నీలం పాల వ్యాన్. యాభై ఎనిమిది ఉన్నాయి.

ఒక్కోదాని కింద ఒక చీటీ. నంబరు, కొన్న తేదీ, కొన్న చోటు, తేడాలు. చేతిరాత అచ్చేసినట్టుంది. చివర మాత్రం ప్రతి చీటీ మీదా ఒకటే మాట. కాదు.

రివెట్ బాబాయ్‌ని అడిగాను. వేరియేషన్ల పిచ్చోళ్లు అంతేరా, దొరికిందేదీ నచ్చదు అన్నాడు.

మార్చి 6

కాదు. కాదు. కాదు. బస్సులో ఇంజిను కూడా అదే అంటోంది.

మార్చి 7, మధ్యాహ్నం

ఆ కూతురు వచ్చింది. నలభై దాటి ఉంటాయి. అక్కా అనే పిలిచాను. నాన్న నోట్‌బుక్ ఒకటి ఇంట్లో ఉండిపోయింది, ఇద్దామని వచ్చానంది. మొదటి పేజీలో రెండు లైన్లు. నీలం బాడీ, తెల్ల టాప్, నల్ల బేస్, సన్న చక్రాలు. వాడి చేతిలో ఉన్నది ఇది.

వాడెవరని అడిగేశాను. నా నోరు ఎప్పుడూ ఇంతే.

తమ్ముడట. ముప్ఫై నాలుగేళ్ల కిందట, ఆరేళ్లప్పుడు, ఓ పొద్దున గేటు దాటాడు. చేతిలో ఆ వ్యాన్. మళ్లీ రాలేదు. పోలీసులు వదిలేశాక నాన్న వ్యాన్ కోసం వెతకడం మొదలుపెట్టాడట. పిల్లాడు మారిపోతాడు, బండి మారదు కదా అనేవాడట. బండి దొరికితే, నీకెవరిచ్చారని అమ్మినవాణ్ణి అడగొచ్చు. వాళ్లకెవరిచ్చారని వాళ్లనీ అడగొచ్చు. అలా వెనక్కి వెనక్కి పోవచ్చు.

మా ఇంటికొచ్చిన చుట్టాలు మీది పాల వ్యాపారమా అని అడిగేవాళ్లు అంది. నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు.

ఆమె వెళ్లాక నోట్‌బుక్ అంతా చదివాను. నాలుగూ కలిసిన బళ్లు తొమ్మిది. ఆ తొమ్మిదింటి వెనకా పెద్దాయన ఊరూరా తిరిగాడు. అన్నింటి చివరా వేరే పిల్లలే దొరికారు. ఒక్క తేడా కనపడినా మాత్రం అక్కడికక్కడే కాదు అని రాసి, మూసేశాడు.

మార్చి 11

టాప్ మీగడ రంగు. కాదు. ఇలాంటి చీటీలు ఆరున్నాయి. రివెట్ బాబాయ్ పొంగిపోయాడు. మీగడ టాప్ ఇంతవరకూ ఎవరి లిస్టులోనూ లేదురా, కనిపెట్టిన పేరు మనకే అన్నాడు.

నాకు అనుమానమొచ్చింది. మా ఇంట్లో స్విచ్ బోర్డు కూడా ఒకప్పుడు తెల్లదే. వ్యాన్ వెనక తలుపు తెరిచి టార్చి వేశాను. టాప్ లోపలి వైపు తెల్లగా ఉంది. ఆరింటికీ అంతే. ఫ్యాక్టరీలో మీగడ రంగు ప్లాస్టిక్ పోస్తే లోపల కూడా మీగడ రంగే ఉండాలి.

వేరియేషన్ కాదిది. ఎండ. ఆరూ పెద్దాయన వెతికిన తెల్ల టాపులే.

రివెట్ బాబాయ్‌కి చూపించాను. టార్చి తీసుకుని ఆరు బళ్లూ తనే చూశాడు. నలభై ఏళ్లుగా ఇదే పని, నేనైనా కాదనే రాసేవాణ్ణిరా అన్నాడు.

మార్చి 12

ఇరవై మూడో నంబరు. టాప్ ఎడం సగం ముదురు, కుడి సగం లేత. ఒకే కిటికీలో ఒకే వైపు తిరిగి ఏళ్ల తరబడి నిలబడిన బండి. చక్రాలు బాగా అరిగాయి. ఎవరో తెగ ఆడారు. తర్వాత ఎవరో దాచుకున్నారు.

డ్రైవర్ సీటు వెనక ఏదో ఇరుక్కుంది. భూతద్దం పెట్టాను. గులాబీ రంగు పూస.

రివెట్ చూశాను. ఎవరూ విప్పలేదు.

మార్చి 14

అక్కని పిలిపించాను. పూస ఊసెత్తలేదు. తమ్ముడి వ్యాన్‌లో లోపల ఏమైనా ఉండేదా అని మాత్రం అడిగాను.

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఆ పొద్దున ఇద్దరూ కొట్లాడుకున్నారట. కసితో తన దండలో పూస ఒకటి అద్దం సందులోంచి లోపలికి తోసేసిందట. వాడు ఏడ్చి, పనికెళ్లిన నాన్న దగ్గరికెళ్లి తీయించుకుంటానని గేటు దాటాడు. ఆ సంగతి నాన్నకి ఎప్పుడూ చెప్పలేదు. ఏమైనా అన్నాడా తల్లీ, ఎటైనా వెళ్తానన్నాడా అని నాన్న అడిగినప్పుడల్లా, లేదు నాన్నా అనేదట. అప్పుడు ఎనిమిదేళ్లు. తర్వాత చెప్పడానికి ఏ వయసూ సరిపోలేదు అంది.

పూస ఏ రంగు అన్నాను. గులాబీ అంది.

బండి ఆమె చేతిలో పెట్టాను. దాని చీటీ నా జేబులోనే ఉంది.

మార్చి 15

చీటీ మీద తేదీ పదిహేనేళ్ల కిందటిది. స్టేషన్ వెనక వీధి, పాత సామాన్ల ముసలాయన అని ఉంది.

ఇస్తే, బండి పదిహేనేళ్ల కిందటే నాన్న చేతికొచ్చిందని, టాప్ రంగు చూసి ఆయన కాదని రాశాడని ఆమెకి తెలిసిపోతుంది. పూస సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆయన లోపలికి తొంగిచూసేవాడు. ఇవ్వకపోతే, ఉన్న ఒక్క దారీ నా జేబులో మురిగిపోతుంది.

ఏంట్రా, ఉద్యోగం మానేసే మొహం పెట్టావు అంది అమ్మ.

మార్చి 17, సోమవారం

ఇచ్చేశాను.

రెండుసార్లు చదివింది. చివరి మాట మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయింది. తర్వాత, పద అంది.

స్టేషన్ వెనక వీధి నిండా సెల్‌ఫోన్ షాపులు. ముసలాయన పోయి పదేళ్లయిందట. కోడలు మాకు స్టూళ్లు వేసింది. మా మామయ్య ఇలాంటివి బస్తాలకొద్దీ తెచ్చేవాడు, ఏది ఎవరింటిదో ఆయనకే తెలియాలి తల్లీ అంది. పదిహేనేళ్ల కిందట అడిగి ఉంటే చెప్పేవాడేమో. స్టూళ్ల మీంచి లేచాం.

తిరిగొస్తుంటే, వాడు పెద్దయ్యాడంటావా అని అడిగింది. బండితో ఎవరో చాలా ఏళ్లు ఆడారక్కా అన్నాను. ఎవరో అంటే వాడేనా అంది. అది ఐదోది, ఊహించి చెప్పకూడనిది.

ఇప్పుడు ఎదురుపడితే వాణ్ణి నేను కూడా కాదంటానేమో అంది.

మార్చి 25

బస్సులో పక్కన కూర్చున్నాయనకి నలభై ఉంటాయి. ఏం తమ్ముడూ, అలా చూస్తున్నావు అన్నాడు. మీకు అక్క ఉందా అండీ అని అడిగాను.

ఈ వారంలో నేనిలా అడిగిన ఏడో మనిషి.