నాలుగో నంబరు ఇంజను ఫైర్‌బాక్సు కోయవద్దని మనవి

పాత రైలు సంరక్షణ శాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

ముందుగా క్షమించాలి. నా అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి. ఐదో తరగతితో చదువు ఆగింది. తప్పులుంటే దిద్దుకొని చదువుకోగలరు.

విషయం: చిన్న లైను నాలుగో నంబరు ఇంజను ఫైర్‌బాక్సును వచ్చే సోమవారం కోయించకుండా ఆపుట గురించి.

1. నేను సదరు ఇంజను మీద ఇరవై రెండేళ్లు ఫైర్‌బాక్సులో బొగ్గు వేసి నిప్పు చూసుకునే ఫైర్‌మాన్‌గా పనిచేసినవాడను. డ్రైవరు మా బావ, అంటే మా అక్క భర్త. లైను మూసినప్పుడు మిగతా ఇంజన్లన్నీ పాత ఇనుము కింద అమ్మేశారు. నాలుగో నంబరుకు మేమిద్దరం ఆఖరిసారి నిప్పు రాజేసి, షెడ్డు చివరికంటా నడిపించి, ఎవరికీ కనబడకుండా దాని ముందు ఇటుక గోడ కట్టేశాము. గోడ పూర్తయ్యేసరికి కూడా బాయిలరు వెచ్చగానే ఉంది. ఇది నేరమని తెలుసు.

2. ఈ సంగతి ముప్పై ఒక్క ఏళ్లు బావకు, అక్కకు, నాకు, మా ముగ్గురికే తెలుసు. బావ పోయాక, పాత లెక్కల్లో ఒక ఇంజను తేలలేదని తమరు మా ఇంటికి వచ్చారు. "పెద్దాయనా, ఇంజను ఎక్కడుందో చెప్పు. నిప్పు రాజేసే నడుపుతాం, నాదీ పూచీ" అన్నారు. అక్క తలుపు చాటు నుంచి వద్దని చెయ్యి ఊపింది. నేను తమరి మాట నమ్మాను. గోడకు మొదటి గునపం పోటు నేనే వేశాను.

3. తర్వాత చూడొచ్చే జనాన్ని తిప్పే బండిగా మార్చి, బాయిలరు ట్యూబులు పీకేశారు. పొగగొట్టంలో పొగ మిషను పెట్టారు. కూత స్పీకరులోంచి వస్తుంది. అది మా ఇంజను కూత కాదు. వెనక నుంచి డీజిలు ఇంజను తోస్తుంది. నాకు కొత్త నీలం చొక్కా ఇచ్చి, చల్లటి ఫైర్‌బాక్సులోకి బొగ్గులా నల్లరంగు వేసిన స్పాంజి ముక్కలు పారతో వెయ్యమన్నారు. వేస్తున్నాను. జనం దిగాక అవే ఏరుకొని మళ్లీ వేస్తున్నాను.

4. పోయిన నెల ఒక ఆవిడ ఫైర్‌బాక్సు తలుపు మీద చెయ్యి పెట్టబోయింది. నేను అలవాటు కొద్దీ "కాలుతుందమ్మా!" అని అరిచి ఆమె చెయ్యి లాగేశాను. తలుపు మంచుగడ్డలా ఉంది. అందరూ నవ్వారు. ఆవిడ కూడా "హడలగొట్టేశావు కదయ్యా" అని నవ్వింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సాయంత్రం ఈ బండి తిప్పే మేనేజరు గారు పిలిచి, "తాతా, అదరగొట్టావు పో! రేపట్నుంచి ప్రతి ట్రిప్పుకీ అలాగే అరవాలి" అన్నారు.

"అది నిజంగా అరిచాను బాబూ" అన్నాను.

"అదే, అంత నిజంగానే అరవాలి" అన్నారు.

రోజుకు ఆరుసార్లు అరుస్తున్నాను.

5. అక్కకు చెప్పాను. "చీకట్లోనైనా దాన్ని ఇంజనులా ఉండనిచ్చాడు మీ బావ. నువ్వు నలుగురిలో పెట్టి నవ్వులపాలు చేశావురా" అంది. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. పళ్లెం పెట్టి అవతలికి పోతుంది.

6. ఇప్పుడు పొగ మిషను నడిపే జనరేటరుకు చోటు చాలక సోమవారం ఫైర్‌బాక్సు కోస్తారట. ట్యూబులు ఎప్పుడైనా కొత్తవి వేసుకోవచ్చు. ఫైర్‌బాక్సు పోతే ఇక నిప్పుకు చోటే లేదు. తమరు మాట ఇచ్చిన రోజు నేను కాగితం అడగలేదు. పెద్దవారిని అడిగితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను.

కావున కోత ఆపమని ఉత్తర్వు ఇప్పించగలరు. నిప్పు వెంటనే వెయ్యనక్కరలేదు. నేనుండగానే వెయ్యాలని కూడా లేదు. ఈ ముసలివాడి మొర ఒక్కసారి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నాలుగో నంబరు ఫైర్‌మాన్

మరచిన సంగతి: వయసులో ఉండగా బూడిద తియ్యడానికి ఆ తలుపులోంచే ఫైర్‌బాక్సు లోపలికి దూరేవాణ్ణి. నిన్న ప్రయత్నించి చూశాను, ఇప్పటికీ దూరగలను. బయటికి రావడమే కష్టమైంది. మేనేజరు గారు కాళ్లు పట్టుకొని లాగారు. సోమవారం కోసేవాళ్లు వచ్చేసరికి లోపలే ఉంటాను. బెదిరింపు కాదండి, ముందుగా తెలియజేయడం మాత్రమే. అందుచేత జవాబు త్వరగా దయచేయించండి.