ఈ చివర నుంచి ఆ చివరి దాకా

ఏవండీ,

కూర స్టవ్ మీద ఉంది, సన్నటి మంట మీద వేడి చేసుకోండి. ఫోన్ చూస్తూ మాడ్చకండి. బీపీ మాత్ర తిన్నాకే వేసుకోవాలి. వాన పడేలా ఉంది, బాల్కనీలో బట్టలు తీసి లోపల పడేయండి. మడతలు నేనొచ్చి పెడతాను.

మంచి నిద్రలో ఉన్నారని లేపలేదు. కోడలు నన్ను స్కూటర్ మీద ఈత కొలనుకు తీసుకెళ్తోంది. ఇవాళ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఆగకుండా ఈదుతాను. మంగళవారం ముప్పావు దూరం వెళ్ళాక, కాళ్ళకు నేల అందక గోడ పట్టేసుకున్నాను. నేర్పే అమ్మాయి నవ్వి, "అమ్మా, మీకు ఈత వచ్చేసింది. ఆ సంగతి మీకే ఇంకా తెలీలేదు" అంది. ఇవాళ తెలుసుకుంటాను.

"అరవై నాలుగేళ్ళకు ఈతేమిటే నీకు, బకెట్లో నీళ్ళు చాలవా?" అని అల్లుడి ముందు అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వేశాను గానీ, మనసు చివుక్కుమంది. మా ఆవిడ కొలను మొత్తం ఈదేసిందని సాయంత్రం అల్లుడికి మీరే ఫోన్ చేసి చెప్పాలి.

ఆరింటికల్లా వచ్చేస్తాను. టీ పెట్టి ఉంచండి, తడి తలతో చలేస్తుంది.

ఇంకో మాట. సోమవారాల్లో అరవై దాటిన మగవాళ్ళకు విడిగా క్లాసుంది. నీళ్ళు నడుము లోతే. మీకు నీళ్ళంటే భయమని పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టాను, ఎవరికీ చెప్పలేదు. సముద్రానికి వెళ్ళిన ప్రతిసారీ మీరు అందరి చెప్పులకూ కాపలా కాస్తూ ఒడ్డున కూర్చోవడం ఇక నేను చూడలేను. మీ పేరు రాయించేశాను.