తమలపాకు తీగకి బెల్లం ఊపిరి

కొత్తపేట,
27-4-97, ఆదివారం.

శ్రీవారికి నాగవల్లి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మామయ్యగారూ నేనూ క్షేమం. ఆయన దగ్గు తగ్గింది. భోపాల్లో మీరు వేళకి తిని వేళకి పడుకుంటున్నారని రాశారు. చదివాను. నమ్మానని మాత్రం రాయను.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు. వంటింటి మీద పెంకు మార్పించాం, వాన పడితే గాని పని ఎలా చేశారో తెలియదు. తుఫానుకి పడిన కొబ్బరిచెట్ల మొద్దులు ఇంకా దొడ్లోనే ఉన్నాయి. వాటిమీద కాంతమ్మ వడియాలు ఎండబెడుతోంది. మీ బడి సెలవుల్లో వచ్చినప్పుడు వాటి సంగతి మీరే చూడాలి. ఇక “నవమి ఎలా జరిగింది, నాన్నగారు ఉపవాసం ఉండగలిగారా” అని అడిగారు. దానికి జవాబుంది. కాస్త ఆగండి. ముందు మొక్క సంగతి చెప్పనివ్వండి, అది చెప్తే గాని ఇది అర్థం కాదు.

“అమ్మ వేసిన తమలపాకు తీగ బతికిందా” అని అడిగారు కదా. బతికింది. బతకడమే కాదు, నన్ను నానా తిప్పలూ పెట్టింది.

నవంబరు తుఫానులో పదకొండు చెట్లు పడిపోయి దొడ్లో నీడన్నది లేకుండా పోయింది. నీడ లేకపోతే తమలపాకు తీగ నిలవదు. పాత తీగంతా ఎండకి మాడిపోయింది. మిగిలిన రెండు కణుపులు తెచ్చి, చెరో కుండీలో పెట్టి నడవ పక్క గదిలో కిటికీ దగ్గర ఉంచాను. మామయ్యగారు బజారు ఆకు ముట్టరని మీకు తెలుసు. అత్తయ్యగారు పోయాక ఆవిడ వేసిన తీగ ఆకే తప్ప వేరే ఆకు వేసుకోలేదు. నవంబరు నుంచి భోజనమయ్యాక ఆయన చెయ్యి అలవాటుగా తాంబూలం పళ్ళెం వైపు వెళ్ళి వెనక్కి వచ్చేసేది. ఆయన నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు. అడిగినా బాగుండేది.

గదిలో మొక్కలు చావలేదు గాని పెరగనూ లేదు. మూడు నెలల్లో మూడంటే మూడు ఆకులు, అవీ రూపాయి బిళ్ళంత. ఫిబ్రవరిలో లైబ్రరీలో ఒక పాత వ్యవసాయ పత్రిక దొరికింది. పైదేశాల్లో అద్దాల ఇళ్ళలో మొక్కలకి బొగ్గుపులుసు వాయువు పట్టిస్తారట, దాంతో ఏపుగా పెరుగుతాయట. ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు, బెల్లం నీళ్ళలో చిటికెడు ఈస్టు వేస్తే చాలు అని ఉంది. బోటనీలో ఫస్టు క్లాసు తెచ్చుకుని ఆరేళ్ళుగా అప్పడాలు ఒత్తుతున్నదాన్ని. అది చదివాక నన్ను ఎవరు ఆపగలరు చెప్పండి.

అమలాపురం వెళ్ళినప్పుడు బేకరీలో బతిమాలి కాస్త ఈస్టు తెచ్చాను. హార్లిక్స్ సీసాలో గోరువెచ్చని నీళ్ళు, బెల్లం, ఈస్టు. మూతకి కన్నం పెట్టి, డాక్టరుగారి దగ్గర అడిగి తెచ్చిన సెలైను గొట్టం దూర్చి, చుట్టూ మైనం కరిగించి పోశాను. కుండీల చుట్టూ వెదురు పుల్లలు గుచ్చి పాలిథిన్ కవరు కప్పి, గొట్టం రెండో కొస అందులోకి పెట్టాను. అంతకు ముందు ఆ కొసని గ్లాసుడు నీళ్ళలో ముంచి, మీ అలారం గడియారం పక్కన పెట్టుకుని బుడగలు లెక్కపెట్టాను. నిమిషానికి నలభై! చారులో ఉప్పు వేశానో లేదో మరిచిపోయాను గాని ఆ బుడగలు మాత్రం ఒక్కటి తప్పు పోలేదు. నాలుగో రోజుకి పదిహేనుకి దిగాయి, ఎనిమిదో రోజుకి ఆగిపోయాయి. అందుకని బుధవారం బుధవారం బెల్లం నీళ్ళు మార్చడం పెట్టుకున్నాను.

కాంతమ్మ గది ఊడవడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

“అమ్మగారండీ, ఏవీ అనుకోకండి. ఇది ఊట వాసనండి.”

“ఊటేమిటి?”

“సారా కాచేవోళ్ళు పెడతారు కదండీ, ఆ ఊటండి. మా ఆయన బతికున్నప్పుడు రోజూ ఇదే వాసనేసేవోడండి. నిషేధం తీసేసేరని పేపర్లో ఏసేరంట, మీరు గాని...”

నవ్వలేక చచ్చాను. మొక్కకి మందు అని చెప్పాను. “ఆయ్, మందేనండి, మా ఆయనా అలాగే అనేవోడండి” అంటూ చీపురు పట్టుకుని వెళ్ళిపోయింది.

అయిదు వారాల్లో తొమ్మిది కొత్త ఆకులు వచ్చాయి. ప్రతి ఆకునీ గ్రాఫు కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు గీశాను. పెద్దది నా అరచేతిని దాటింది. ఆ కాగితాలు మీకు పంపుదామనుకున్నాను, ఇప్పుడు అవి మామయ్యగారి దగ్గర ఉన్నాయి. ఎందుకున్నాయో చెప్పాలంటే ఇక దాచి లాభం లేదు. నవమి సంగతికి వస్తున్నాను. చదివాక నన్ను తిట్టండి, పడతాను.

నవమి ఈసారి బుధవారం వచ్చింది. తెల్లవారుజామునే లేచి, స్నానానికి ముందే సీసా మార్చేద్దామని పాత నీళ్ళు ఇత్తడి చెంబులోకి వంపాను. బేకరీ సరుకు తగిలినవి కదా, మడి కట్టుకున్నాక ముట్టుకోవడానికి లేదు. కొత్త బెల్లం కలిపి సీసా బిగించేసరికి తెల్లగా తెల్లారిపోయింది. చెంబు మీద మూత వేసి నడవలో పెట్టి, కొబ్బరి మొదట్లో పారబోయమని కాంతమ్మకి చెప్దామనుకుని స్నానానికి పరిగెత్తాను. మడితో వచ్చాక చూస్తే చెంబు అక్కడే ఉంది. నేను ముట్టుకోకూడదు. పండగ పూట మడి మొదలయ్యాక కాంతమ్మ లోపలికి రాదు. సరే, మధ్యాహ్నం చూద్దాంలే అనుకుని వడపప్పు పనిలో పడ్డాను.

మామయ్యగారు ఉపవాసంతో మూడు గంటలు పారాయణ చేసి లేచారు. గొంతు ఎండిపోయి ఉంది. నేను నైవేద్యమయ్యాక దేవుడి గదిలో గిన్నెలు సర్దుతున్నాను. ఆయన నడవలోకి వెళ్ళారు. శ్రీరామనవమి నాడు, మూత పెట్టిన చెంబులో, బెల్లం నీళ్ళు. ఎవరైనా ఏమనుకుంటారు? పూజ అయ్యాక తన కోసం విడిగా తీసి ఉంచాననుకున్నారట. రెండు గ్లాసులు తాగేశారు.

నేను బయటికి వచ్చేసరికి ఉత్తరీయంతో మీసం తుడుచుకుంటున్నారు.

“మిరియం వేయడం మరిచేవా అమ్మా? ఘాటు మటుకు బాగానే ఉందే. కాస్త పులిసినట్టు కూడా ఉంది.”

నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? “నిమ్మకాయ ఎక్కువైందండి.”

అంతే. అదీ నేను చేసిన పని. పుట్టి బుద్ధెరిగాక ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి చేత ఊట తాగించాను. అది పొరపాటు. ఆయన కళ్ళలోకి చూస్తూ అబద్ధం ఆడాను. అది పొరపాటు కాదు.

ఆ మధ్యాహ్నం ఆయన రెండు గంటలు నిద్రపోయారు. సాయంత్రం గుడిలో వేదం ఘన చెప్తుంటే గొంతు ఖంగుమంది. అందరూ మెచ్చుకున్నారు. “అంతా మా కోడలి పానకం మహిమ” అన్నారు ఇంటికొచ్చి. నాకు అన్నం సహించలేదు. అయిదు రోజులు రోజూ చెప్దామనుకోవడం, ఆయన మొహం చూసి మానుకోవడం. చైత్ర పౌర్ణమికి కపిలేశ్వరపురం నుంచి సోమేశ్వర అవధానిగారూ, మరో ముగ్గురు ఘనాపాఠీలూ మన ఇంట్లో పారాయణకి వస్తామన్నారు. తుఫాను తర్వాత మన ఇంట జరిగే మొదటి పారాయణ. మామయ్యగారు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. ముందు రోజు పొద్దున్న నన్ను పిలిచారు.

“అమ్మాయ్, వాళ్ళకి నవమినాటి పానకమే చెయ్యి. ముందు రోజే కలిపి ఉంచేవు కాబోలు, బాగా ఊరింది.”

ఇక లాభం లేదు. ఆయన ఒక్కరూ తాగింది చాలక నలుగురు ఘనాపాఠీలు! అక్కడే నేలమీద కూలబడ్డాను.

“మామయ్యగారండీ, అది పానకం కాదండి.”

అంతా చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. అంతా విన్నాక ఏమడిగారో చూడండి.

“ఈస్టంటే ఏవిటి?”

“కంటికి ఆనని జీవాలండి. బెల్లం తిని గాలి వదుల్తాయండి.”

“ఆ గాలి మొక్కకెందుకు?”

“అదే దాని తిండండి. మనం వదిలే ఊపిరిలో కూడా అదే ఉంటుందండి.”

“ఊఁ” అన్నారు. “తెలియక తాగినదానికి పెద్దలు చెప్పిన ప్రాయశ్చిత్తమేదో ఉంది, అది నేను చూసుకుంటాను. అయిదు రోజులు దాచేవే. దానికేం చెప్పను?”

కోపంగా అని ఉంటే ఓర్చుకునేదాన్ని. మెల్లగా అన్నారు.

మూడు రోజులు పంచగవ్యం తప్ప ఏమీ పుచ్చుకోలేదు. పౌర్ణమినాడు అవధానిగారు రాగానే ఉన్నదున్నట్టు ఆయనే చెప్పేశారు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నా పేరు ఎత్తలేదు, “ఇంట్లో పొరపాటు జరిగింది” అన్నారంతే. “తెలిసి చేసినది కాదు కదా, వచ్చి కూర్చోండి బావగారూ” అని అవధానిగారు ఎంత చెప్పినా వినలేదు. మీ నాన్నగారు తన ఇంట్లో, తాను పిలిచిన పారాయణలో, విడిగా పీట వేసుకుని కూర్చుని విన్నారండీ. పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం బయటికి రాలేదు. ఆ పూట నేను వంట ఎలా చేశానో నాకే తెలియదు.

ఆ సాయంత్రమే సీసా తీసేసి, గొట్టం చెత్తలో పడేశాను. కవరు కూడా విప్పేశాను. గ్రాఫు కాగితాలు పొయ్యిలో పెట్టబోతుంటే మామయ్యగారు చూసి, “అవి ఇలా తే” అన్నారు. ఇచ్చేశాను.

గురువారం పొద్దున్న లేచేసరికి వసారాలో ఆయన పీట లేదు. పారాయణ మాత్రం వినిపిస్తోంది, వసారాలోంచి కాదు, నడవ పక్క గదిలోంచి. తొంగి చూశాను. తమలపాకు కుండీలకి ఎదురుగా పీట వేసుకుని, కిటికీ అద్దం రెక్కలు మూసుకుని కూర్చున్నారు. మూడు రోజులు దిగమింగుకున్నదంతా ఒకేసారి వస్తున్నట్టుంది గొంతు. వేదపనస పూర్తయ్యాక, అటు తిరక్కుండానే అన్నారు.

“సీసా తీసేసేవుగా. మరి దానికి తిండో? రోజుకి రెండు పూటలా మూడేసి గంటలు ఊపిరి వదుల్తూనే ఉన్నాను. అడగొచ్చు కదమ్మా, నన్ను.”

ఆయన ఒళ్ళో గ్రాఫు కాగితాలున్నాయి. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పారు.

“బాగానే గీసేవు. కానీ ఒకటి చెప్పు. నువ్వు సీసా పెట్టింది మాఘం చలి పోయేక. అప్పుడు ఏ మొక్కయినా చిగురేస్తుంది. ఇది నీ సీసా గొప్పో, కాలం గొప్పో ఎలా తెలుస్తుంది?”

డిగ్రీ నాది, ప్రశ్న ఆయనది.

“రెండు కుండీలున్నాయి కదా. ఒకటి ఇక్కడే ఉంచు. రెండోది తూర్పు గదిలో ఇలాంటి కిటికీ దగ్గరే పెట్టు. నీళ్ళు సమానంగా పొయ్యి. అక్కడ నేను కూర్చోను. రెండు నెలలు చూద్దాం.”

“ఆయ్, అలాగేనండి” అని కుండీ ఎత్తుకున్నాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచారు.

“అమ్మాయ్. నేను కూర్చోని చోటిదే బాగా పెరిగిందనుకో, అయినా సరే, వచ్చి నాతో చెప్పు. దాచకు.”

ఇట్లు,
మీరు ఎంత తిట్టినా పడడానికి సిద్ధంగా ఉన్న
మీ అర్ధాంగి,
నాగవల్లి.